టెన్షన్ వల్లే అనుకున్నాను

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. వయసు 46. ఈ పనిలో పంతొమ్మిదేళ్ళు గడిచాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాకు సీజన్. తెల్లవారుజామున లారీలు దిగుతాయి. పొద్దున బేరాలు, మధ్యాహ్నం కాటాలు, సాయంత్రం తక్‌పట్టీలు (రైతుకి ఇచ్చే అమ్మకం లెక్క చీటీలు), రాత్రి పద్దులు. ఒక్క అంకె తేడా వస్తే అది దొరికేదాకా ఇంటికి వెళ్ళడం ఉండదు. రైతు బయట గోనెపట్టా మీద పడుకుని మన కాగితం కోసం ఎదురుచూస్తుంటాడు. అందుకని టెన్షన్ అనే మాట మా నోట్లో ఎప్పుడూ ఉంటుంది. తలనొప్పి వచ్చినా, నిద్ర పట్టకపోయినా, జుట్టు రాలినా టెన్షన్ వల్లే అనుకుంటాం. నాకు షుగర్ వచ్చినప్పుడు కూడా అలాగే అనుకున్నాను. ఆ మాట పట్టుకుని అసలు సంగతి చూడకుండా ఎన్ని నెలలు పోగొట్టుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

2024 జులైలో టిక్కీలు (మిర్చి బస్తాలు) కుట్టే దబ్బనం ఒకటి నా కాలి మడమలో గుచ్చుకుంది. చిన్న గాయమే. మూడు వారాలైనా మానలేదు. మా ఇంటి దగ్గర డాక్టరు గారికి చూపిస్తే రక్తపరీక్ష రాశారు. పరగడుపున షుగర్ 138, తిన్న తర్వాత 262, మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1 వచ్చింది. 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ జబ్బు కిందే లెక్క. బీపీ 150కి 94. "ఏం పని చేస్తారు?" అని అడిగారు. చెప్పాను. "ఓహో, టెన్షన్ ఎక్కువ ఉంటుంది కదా, తగ్గించుకోండి" అని మెట్‌ఫార్మిన్ మాత్రలు రాశారు. ఆయన ఇంకేం అడగలేదు, నేనూ ఇంకేం చెప్పలేదు. తప్పు ఇద్దరిదీ అని ఇప్పుడు అనిపిస్తుంది.

రెండు నెలలు అన్నం తగ్గించాను. టీలో పంచదార మానేశాను. మాత్రలు ఒక్క పూట కూడా మర్చిపోలేదు. అయినా పరగడుపు షుగర్ 130కి దిగలేదు. పైగా పొట్ట పెరుగుతోంది, కాళ్ళూ చేతులూ సన్నబడుతున్నాయి. మా అమ్మ మాత్రం సంబరపడింది. "ఇన్నాళ్ళకి కాస్త ఒళ్ళు చేశావురా, మొహం నిండుగా ఉంది" అంది. మా ఆవిడ మాత్రం అలా అనుకోలేదు. "ఏమండీ, మీ చేతుల మీద ఈ నల్ల మచ్చలేంటి? దేనికైనా తగిలిందా?" అని రోజూ అడిగేది. బల్ల అంచు రాసుకున్నా చర్మం కమిలిపోయేది. రెండో అంతస్తులోని మా వాటాకి ఎక్కాలంటే కడ్డీ పట్టుకోవాల్సి వచ్చేది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది, మళ్ళీ నిద్ర పట్టేది కాదు. వీటన్నిటికీ నా దగ్గర ఒక్కటే జవాబు. టెన్షన్.

సెప్టెంబరులో కొత్తపేటలో ఒక హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె రిపోర్టులు చూడకముందే నన్ను చూశారు. "కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవండి" అన్నారు. లేవలేకపోయాను. పంతొమ్మిదేళ్ళు ఆ యార్డులో తిరిగినవాణ్ణి, కుర్చీలోంచి లేవలేకపోవడం చూసి నాకే భయం వేసింది. చొక్కా ఎత్తమని పొట్ట చూశారు. పక్కల మీద వేలెడు వెడల్పున ఊదారంగు చారలు ఉన్నాయి. లావెక్కి సాగిన చారలని నేను అనుకున్నాను. మెడ వెనక చెయ్యి పెట్టి అక్కడ పేరుకున్న కొవ్వు చూశారు. అప్పుడు అడిగారు, "నొప్పులకి ఏమైనా వాడుతున్నారా? ఆయుర్వేదం, పొడులు, పొట్లాల్లో ఇచ్చే మాత్రలు, ఏవైనా సరే."

వాడుతున్నాను. 2023 నవంబరు నుంచి. రోజంతా కూర్చుని లెక్కలు రాయడం వల్ల నడుంనొప్పి పట్టుకుంటే, మా వీధి చివర ఆర్‌ఎంపీ ఒకాయన పొట్లం కట్టి ఇచ్చేవాడు. పొద్దున ఒక పొట్లం, రాత్రి ఒకటి. మూడు రకాల మాత్రలు, అందులో ఒకటి మరీ చిన్నది, తెల్లది. మొదటి వారంలోనే నొప్పి మాయమైంది. అంత హాయిగా ఉంటే ఎందుకు మానుకుంటాను? నొప్పి మాత్రలు కదా, షుగర్‌తో వాటికేం పని అనుకుని ఏ డాక్టరుకీ చెప్పలేదు.

"ఆ చిన్న మాత్ర రేకు ఎలాగైనా చూసి రండి" అన్నారు మేడమ్. "కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నేను చెప్పేదాకా మానొద్దు." ఆ మాట నాకు వింతగా తోచింది. చెడు చేసే మాత్రని మానొద్దంటారేంటి అనుకున్నాను.

ఆ సాయంత్రమే వెళ్ళి అడిగాను. ఆయన లేడు, కుర్రాడు ఉన్నాడు. అట్టపెట్టె తీసి చూపించాడు. డెక్సామెథసోన్, 0.5 మిల్లీగ్రాములు. స్టెరాయిడ్. అంటే స్ట్రెస్ హార్మోను అని మనం చెప్పుకునే కార్టిసాల్ పని చేసే మందు. అసలు కార్టిసాల్‌కి పాతిక రెట్ల బలం ఉంటుంది దానికి. ఆ అర మిల్లీగ్రాము సుమారు 13 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌తో (మందు రూపంలో ఉండే కార్టిసాల్ అది) సమానం. మన ఒంట్లో రోజు మొత్తానికి తయారయ్యేదే 10 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య. నేను పూటకొకటి చొప్పున పది నెలలు మింగాను.

మర్నాడు పొద్దున సరిగ్గా 8 గంటలకి రక్తం ఇమ్మన్నారు. టైం మీద అంత పట్టు ఎందుకంటే, కార్టిసాల్ రోజంతా ఒకేలా ఉండదు. అర్ధరాత్రి ప్రాంతంలో అడుగున ఉంటుంది, తెల్లవారుజాము నుంచి పెరుగుతూ నిద్ర లేచిన అరగంటకీ ముప్పావుగంటకీ మధ్య బాగా పైకి వెళ్తుంది. ఒంటిని లేపి పనికి సిద్ధం చేసేది అదే. పొద్దున తీసిన అంకెకీ సాయంత్రం తీసిన అంకెకీ పోలికే ఉండదు.

రిపోర్టు రాకముందు నా లెక్క నాకుంది. ఇంత టెన్షన్, పైన ఈ మాత్రలు, ఇక కార్టిసాల్ ఆకాశంలో ఉంటుందనుకున్నాను. వచ్చింది 1.6. ఆ ల్యాబు కాగితం మీద పొద్దుటి మామూలు స్థాయి 5 నుంచి 25 అని ఉంది. తక్కువ వచ్చింది కదా, బతికిపోయాననుకున్నాను. మేడమ్ మొహం మాత్రం అలా లేదు.

ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మెదడులో హైపోథలామస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి కబురు వెళ్తుంది, పిట్యూటరీ నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోను బయల్దేరి మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథులకి చేరుతుంది, అవి కార్టిసాల్ తయారుచేస్తాయి. రక్తంలో కార్టిసాల్ చాలినంత ఉందని పైవాళ్ళకి తెలిస్తే కబురు ఆగిపోతుంది. నేను మింగే డెక్సామెథసోన్‌ని కూడా పైవాళ్ళు కార్టిసాలే అనుకుంటారు. నాకు అర్థమైన భాషలో చెప్పాలంటే, గోడౌన్ నిండా బయటి సరుకు ఉంటే కొత్త టిక్కీ ఎవడూ దింపుకోడు. పది నెలలు కొత్త సరుకు అడగకపోయేసరికి నా అడ్రినల్ గ్రంథులు పని మానేసి కూర్చున్నాయి. ఆ ల్యాబు పరీక్ష నా ఒంట్లో పుట్టిన కార్టిసాల్‌ని మాత్రమే కొలిచింది, మింగినదాన్ని కాదు. ఉన్నపళంగా మాత్ర ఆపేస్తే జ్వరమో దెబ్బో తగిలిన రోజున ఒంటిని నిలబెట్టే హార్మోనే ఉండదు. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మానొద్దు అన్నది అందుకు.

"మరి షుగర్ ఎందుకొచ్చింది మేడమ్?" అని అడిగాను. ఆమె చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ మాటకి మాట గుర్తుంది అనలేను గానీ, విషయం బాగా నాటుకుంది. ఆపద వచ్చినప్పుడు ఒంటికి చేతిలో డబ్బులా చక్కెర కావాలి. కార్టిసాల్ లివరు చేత చక్కెర తయారు చేయిస్తుంది. అందుకు కావలసిన ముడిసరుకు కోసం కండని కరిగిస్తుంది. అటు కండరాలు ఇన్సులిన్ మాట వినకుండా చేస్తుంది, చక్కెర రక్తంలోనే నిలిచి ఉండేలా. ఒక గంటో పూటో అయితే ఇది ప్రాణం కాపాడే ఏర్పాటే. నెలల తరబడి సాగితే కండ కరిగి కాళ్ళు సన్నబడతాయి, కొవ్వు పొట్టలోపలికీ మొహానికీ మెడ వెనక్కీ చేరుతుంది, బీపీ పెరుగుతుంది, గాయాలు మానవు. నా ఒంటి మీద రాసి ఉన్నదంతా అదే.

మా యార్డులో హమాలీలు నలభై కిలోల పైబడిన టిక్కీని వీపున వేసుకుని నడుస్తారు. వాళ్ళ ఒంట్లో పుట్టిన చక్కెర ఆ నడకలో కరిగిపోతుంది. అదే చక్కెర పుట్టించే గాబరా నాకు కుర్చీలో కూర్చుని ఫోన్ చెవిన పెట్టుకున్నప్పుడు వస్తుంది. లివరుకి ఆ తేడా తెలియదు. పంపాల్సింది పంపుతుంది. ఖర్చు పెట్టేవాడే లేడు.

ఆ మాత్ర అంత మాయగా ఎలా పనిచేసిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒకామెకి ఇదే కోవకి చెందిన కార్టిసోన్ మొదటిసారి ఇచ్చారు. కొద్ది రోజుల్లో లేచి నడిచింది. ఆ పనికి కెండాల్, హెంచ్, రైక్‌స్టీన్ అనే ముగ్గురికి 1950లో నోబెల్ ఇచ్చారు. 2020లో కోవిడ్ వచ్చి ఆక్సిజన్ పెట్టాల్సిన రోగులని కాపాడిందని రుజువైనది కూడా ఈ డెక్సామెథసోనే. అందుకని నేను స్టెరాయిడ్‌ని తిట్టను. దేనికి ఇస్తున్నారో, ఎన్నాళ్ళకో, ఏం చూసుకోవాలో చెప్పకుండా పొట్లంలో దాచి ఇవ్వడాన్ని మాత్రం క్షమించలేకపోతున్నాను. ఆయన దగ్గరికి వెళ్ళి గొడవ పెట్టుకోలేదు. "ఇలా జరిగింది, ఇంకెవరికీ ఇవ్వకండి" అని మాత్రం చెప్పాను. "నొప్పి తగ్గింది కదా" అన్నాడు.

డెక్సామెథసోన్ తీసేసి, దాని బదులు హైడ్రోకార్టిసోన్ రాశారు. పొద్దున 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5. ఒంట్లో మామూలుగా కార్టిసాల్ నడిచే తీరుకి దగ్గరగా ఉండాలని అలా ఇస్తారట. జ్వరం వస్తే మోతాదు రెండింతలు చెయ్యాలి. వాంతులైతే, మాత్ర నిలవకపోతే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. స్టెరాయిడ్ వాడుతున్నానని రాసిన చీటీ జేబులో ఉండాలి. మా ఆవిడ అదంతా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది.

మొదటి రెండు నెలలు చాలా కష్టంగా గడిచాయి. నడుంనొప్పి రెట్టింపై తిరిగొచ్చింది. కీళ్ళన్నీ పీకేవి. పొద్దున లేస్తే కళ్ళు తిరిగేవి, అన్నం సయించేది కాదు. ఒక రాత్రి నిజంగానే లేచి, పాత పొట్లం ఏమైనా మిగిలిందేమోనని సొరుగులన్నీ వెతికాను. మా ఆవిడ అవి ఎప్పుడో పారేసింది. ఆమె ఏమీ అనలేదు, వేడినీళ్ళ సంచి తెచ్చి నడుం కింద పెట్టి పక్కన కూర్చుంది. ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

నడుముకి ఫిజియోథెరపీ చేయించుకున్నాను. కొట్టులో షావుకారు గారికి సంగతంతా చెబితే, నిలబడి రాసుకోవడానికి ఎత్తయిన బల్ల ఒకటి చేయించారు. గంట కూర్చుంటే పావుగంట నిలబడతాను. ఆ నొప్పికి అసలు మందు అదేనని ఆర్నెల్లకి గానీ తెలియలేదు. డిసెంబరులో జ్వరం వచ్చింది, ఫ్రిజ్ మీద కాగితం చూసి మూడు రోజులు మోతాదు పెంచాను, గడిచిపోయింది. మోతాదు నెల నెలా తగ్గిస్తూ వచ్చారు. 2025 జనవరి నెలాఖరున ముందురోజు మాత్ర ఆపి పొద్దున చూస్తే కార్టిసాల్ 7. తర్వాత ఏసీటీహెచ్ ఇంజక్షన్ ఇచ్చి గంట ఆగి మళ్ళీ రక్తం తీశారు. 20 దాటింది. గ్రంథులు లేచాయి. హైడ్రోకార్టిసోన్ ఆపేశారు. హెచ్‌బీఏ1సీ 6.4కి దిగింది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి చూపిస్తే మేడమ్ నవ్వారు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. అప్పుడే సీజన్ మొదలైంది.

ఆ ఏడాది ధర ఎలా పడిపోయిందో మిర్చి వేసిన ప్రతి ఇంటికీ తెలుసు. అంతకుముందు క్వింటాలు ఇరవై వేలు దాటి చూసిన రైతుకి అందులో సగం చెబుతుంటే ఏమంటాడు? కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయలని ప్రకటించిన రోజుల్లో, ఆ అంకె మీదే రాత్రి దాకా ప్రశ్నలు అడిగేవాళ్ళు. సమాధానం చెప్పాల్సింది నేను. పల్నాడు నుంచి వచ్చిన ఒకాయన తక్‌పట్టీ చేతిలో పట్టుకుని ఏడుస్తుంటే నాకు ఆ పూట అన్నం దిగలేదు.

ఈసారి ఇంట్లో గ్లూకోమీటరు ఉంది, ఒక నోటుపుస్తకం ఉంది. లెక్కలు రాయడం నాకు అలవాటే. రోజూ పొద్దున షుగర్, పక్కన రాత్రి ఎన్ని గంటలు పడుకున్నానో రాశాను. ఏడు గంటలు పడుకున్న రోజుల్లో 108, 112. ఒంటిగంటకి ఇల్లు చేరి అయిదింటికి లేచిన రోజుల్లో 126, 131, ఒకరోజు 135. రాత్రి తిన్నది రెండు పుల్కాలే. స్టెరాయిడ్ లేదు. అంటే టెన్షన్ అనే మాట ఉత్తిది కాదు. చిన్నదీ కాదు. సీజన్ చివర హెచ్‌బీఏ1సీ 6.8 చూపించింది.

ఆ పుస్తకం చూసి మేడమ్ ఒక పాత పరిశోధన చెప్పారు. 1999లో, 11 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళని ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. అంతలోనే వాళ్ళ ఒళ్ళు చక్కెరని సర్దుకునే శక్తి బాగా తగ్గింది, సాయంత్రం పూట దిగాల్సిన కార్టిసాల్ దిగకుండా ఉంది. "ఆరు రాత్రులకే అలా ఉంటే, మీవి తొంభై" అన్నారు.

"అయితే కార్టిసాల్ మళ్ళీ చూపించుకోనా?" అన్నాను. వద్దన్నారు. మామూలు టెన్షన్‌లో ఉన్న మనిషికి ఒక్కసారి తీసిన కార్టిసాల్ అంకె వల్ల ఏమీ తేలదట. నడుం చుట్టుకొలత, బీపీ, పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంలోని కొవ్వు, వీటిని చూసుకోమన్నారు. మన దేశంలో మగవాళ్ళకి నడుం 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడాలి. నాది మొదట 104 ఉండేది, అప్పటికి 97. టెన్షన్ ఎంత, నిద్రలేమి ఎంత, కూర్చోవడం ఎంత అని విడదీయమంటే, విడదీయక్కర్లేదు, మూడూ ఒకేచోట కలుస్తాయి, చేతికి అందేదాన్ని పట్టుకోండి అన్నారు.

నా చేతికి అందింది నిద్ర. షావుకారు గారిని అడిగి పద్దులు రాత్రి 9కి ఆపేసి, తేడా ఉంటే పొద్దున చూసుకునేలా ఒప్పించాను. ఇది అడగడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి "సరే" అన్నారు. భోజనం అయ్యాక పావుగంట నడుస్తాను. మేలో యార్డుకి వేసవి సెలవులిచ్చాక పొద్దున ఎన్టీఆర్ స్టేడియంలో మా ఆవిడా నేనూ తిరిగాం. ఆగస్టులో హెచ్‌బీఏ1సీ 6.1. మెట్‌ఫార్మిన్ ఇంకా వేసుకుంటున్నాను. నడుం 94. చారలు ఊదారంగు పోయి తెల్లబడ్డాయి, అవి ఇక పోవట.

మొన్న వినుకొండ వైపు నుంచి పెద్దాయన ఒకరు కోల్డ్ స్టోరేజీ సరుకు అమ్మకానికి వచ్చారు. చాలా ఏళ్ళుగా మా కొట్టుకే వస్తారు. ఈసారి మొహం గుండ్రంగా ఉంది, మోచేతుల మీద కమిలిన మచ్చలు. మంచినీళ్ళు అడిగి, జేబులోంచి కాగితం పొట్లం తీశారు. విప్పుతుంటే ఆ చిన్న తెల్లమాత్ర కనపడింది.

"బాబాయ్, అది దేనికి?"

"మోకాళ్ళకి అబ్బాయ్. మా ఊళ్ళో డాక్టరు ఇచ్చాడు. దేవుడనుకో. రెండేళ్ళ నుంచి ఇదే నన్ను నడిపిస్తోంది."

"షుగర్ ఏమైనా ఉందా?"

"ఈ మధ్యే బయటపడింది. రేట్ల టెన్షన్‌తో రాక ఏం చేస్తుంది!"

నా చొక్కా పైకెత్తి చారలు చూపించాను. ఆ మాత్ర మాత్రం మానొద్దని రెండుసార్లు చెప్పాను. పొట్లంలో ఒకటి మేడమ్‌కి చూపించడానికి ఉంచి, మిగతావి ఆయన జేబులోనే పెట్టించాను. కాటా నా బదులు చూడమని పక్క గుమాస్తాకి అప్పగించి, ఆటో పిలిచాను. కొత్తపేటలో మాకు వచ్చిన టోకెన్ నంబరు 23. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. లోపలికి పిలిస్తే ఏమేం చెప్పాలో ఆయన నన్ను అడుగుతూ, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నారు.